తెలియనివారి కుర్చీ

ఏప్రిల్ పది, గురువారం. మధ్యాహ్నం రెండు గంటలు. జంతుశాస్త్ర విభాగం, మేడమీది చిన్న గది. హాజరైనవారు: ఆనర్స్ సమన్వయకర్త శైలజ, విజయనగరం నుంచి వచ్చిన పరీక్షకుడు, నాలుగో ఏడాది ఆనర్స్ విద్యార్థిని నూకరత్నం, నేను. రానివారు: రవూఫ్ సార్.

ఆ చివరి మాట రాయకూడదని నాకు తెలుసు. ఆయన ఫిబ్రవరిలో పోయారు. పోయినవారిని రానివారి కింద రాయడం ఏ ఆఫీసు పద్ధతిలోనూ లేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆనర్స్ మౌఖిక పరీక్ష జరిగిన ప్రతి రోజూ నా డైరీలో ఆయన పేరే మొదట రాసేదాన్ని. ఆ రోజు కూడా చెయ్యి అలవాటుగా అటే వెళ్ళింది. రాశాక కొట్టెయ్యడానికి మనసొప్పలేదు.

బల్లమీద ఉన్న నూకరత్నం పరిశోధన వ్యాసాన్ని శైలజ నా వైపు జరిపింది. ఎర్ర కాలికో గుడ్డ అతికిన అట్ట. తెరవగానే జిగురు వాసన వచ్చింది. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి చేసే పాతకాలపు జిగురు అది. మా ఊళ్ళోనే, పాతపట్నంలో రవూఫ్ సార్ తండ్రిగారిది బైండింగు దుకాణం. తండ్రి తరవాత తమ్ముడు నడుపుతున్నాడు. ఊరంతా స్పైరల్ బైండింగులకు మారిపోయినా మా ఆనర్స్ వ్యాసాలు మాత్రం అక్కడే కుట్టించేవారు సార్. ఆరీ ఆరని పుస్తకాలను గుడ్డసంచిలో ఆయనే మోసుకొచ్చేవారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆయన చొక్కా ఈ వాసనే వేసేది. కళ్ళజోడు తుడుచుకునే నెపంతో కాసేపు తల వంచుకున్నాను.

రెండో పేజీలో ఎప్పటిలాగే మూడు గీతలున్నాయి. మూడో గీత పరీక్షకుడిది, రెండో గీత రవూఫ్ సార్‌ది. మొదటి గీత నాది. దాని కింద "ఈ విషయం తెలియని నేను, విని అర్థం చేసుకున్నాను" అని అచ్చయి ఉంటుంది. ఇది విశ్వవిద్యాలయ నిబంధన కాదు. రవూఫ్ సార్ పెట్టిన పద్ధతి. మొదటి గీత ఖాళీగా ఉంటే ఆయన రెండో గీత మీద కలం ఆనించేవారు కాదు.

నేను చదివింది ఇంటర్మీడియట్. టైపు పరీక్ష పాసై కాలేజీ ఆఫీసులో చేరాను. ఆనర్స్ సెక్షనుకు మార్చినప్పుడు అదేదో ఇంకో రకం దస్త్రాల గది అనుకున్నాను. రవూఫ్ సార్ చెప్పేది జంతుశాస్త్రమే అయినా సైన్సు ఆనర్స్ మొత్తానికి సమన్వయకర్త ఆయనే. పొట్టి మనిషి. చొక్కా జేబులో కలానికి బదులు సుద్దముక్క ఉండేది. క్లాసులో ఎంత శుద్ధంగా మాట్లాడినా గుమ్మం దాటగానే పాతపట్నం భాషలోకి వచ్చేసేవారు. నేను చేరిన వారానికే మేడమీదికి పిలిచి, గోడ పక్కనున్న కుర్చీ చూపించారు.

"మినిట్స్ రాయాలా సార్?" అన్నాను.

"రాయొద్దు. ఇనండి. ఆ పిల్లాడు సెప్పింది మీకు అర్థమైతే సంతకం పెట్టండి."

"సైన్సు నాకేం తెలుసు సార్?"

"అందుకే కదండీ పిల్సింది. తెల్సినోళ్ళం ఈ గదిలో ఇద్దరున్నాం, సాలదా?"

తెలియనివారు అడగవలసిన ప్రశ్నలు మూడేనని ఆయనే నేర్పారు. ఏం చూశావు, ఎలా చూశావు, నువ్వు చూడకపోయి ఉంటే ఏమయ్యేది. మూడింటికీ నేను ఇంటికెళ్ళి రాసుకోగలిగినంత తేలిగ్గా జవాబు రావాలి. రాకపోతే విద్యార్థిని మళ్ళీ ఆ గదిలోకి పిలవకూడదు. ఆ పిల్లలు పనిచేసే చోటికి నేనే వెళ్ళాలి. "అర్థం కానిది మీకు. నడవాల్సింది మీరే" అనేవారు. ఆ లెక్కన నేను ఉప్పు మళ్ళలో నడిచాను, కప్పలున్న తొట్ల పక్కన ముక్కు మూసుకుని నిలబడ్డాను, హాస్టలు మేడమీద గాలివాటం కొలిచే పరికరం కింద గొడుగేసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి ఒక్కొక్కరి పని గురించి సరిగ్గా పది పంక్తులు డైరీలో రాసేదాన్ని. అలా రాసినవి ఇప్పటికి పదకొండు డైరీలయ్యాయి.

ఆనర్స్ అంటే బయటివాళ్ళకు సర్టిఫికెట్ మీద ఇంకో మాట, అంతే. లోపల అది వేరే బతుకు. మామూలు క్లాసులో అరవైమంది ఉంటే ఆనర్స్ సెమినారులో అయిదారుగురు. ప్రయోగశాలలో ఎవరి బల్ల వారిది. గ్రంథాలయంలో లోపలి బీరువాల దాకా వెళ్ళే కార్డు. వేసవి సెలవుల్లో ఏదో ఒక పరిశోధన సంస్థలో రెండు నెలలు పని. వీటన్నిటినీ మించి, తప్పు చేస్తే పక్కన కూర్చుని ఎక్కడ తప్పిందో వెతికే గురువు ఒకరు. మొదట్లో ఇదంతా మూడేళ్ళ డిగ్రీలోనే అదనపు పేపర్లుగా ఉండేది. కొత్త విధానం వచ్చాక మూడేళ్ళకు మామూలు డిగ్రీ తీసుకుని వెళ్ళిపోవచ్చు, తగిన మార్కులున్నవాళ్ళు నాలుగో ఏడాది ఉండి పరిశోధన చెయ్యవచ్చు. అలా ఉన్నవాళ్ళకు పీజీ ఒక్క ఏడాదితో అయిపోతుంది. కొందరు నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు పెట్టుకుంటారు.

ఆ కుర్చీ నాకు నేర్పినది కాలేజీ గేటు బయట కూడా పనికొచ్చింది. మా ఆయన జబ్బు రిపోర్టు చూసి డాక్టరుగారు నాలుగు మాటలు చెప్పి లేవబోతుంటే, "నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి" అన్నాను. మా ఆడపడుచు నా మోచెయ్యి గిల్లింది. డాక్టరుగారు మాత్రం మళ్ళీ కూర్చుని, చీటీ వెనక గుండె బొమ్మ వేసి చూపించారు. ఆ చీటీ ఇప్పటికీ ఆ ఏటి డైరీలో ఉంది. మా ఆయనకు మిగిలిన ఎనిమిది నెలలూ ఏం జరుగుతోందో తెలిసి గడిపాను. తెలియక గడిపి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోలేను.

ఆ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పు చేశాను.

అప్పలనాయుడని గాజువాక కుర్రాడు. వాళ్ళది చోడవరం వైపు రైతు కుటుంబం. తండ్రి ఫ్యాక్టరీలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గాజువాక బావుల్లో నీటి ఉప్పదనం గురించి అప్పలనాయుడు పని చేశాడు. నేనుండేదీ గాజువాకలోనే, తాగేదీ ఆ నీళ్ళే. అయినా ఆ రోజు అతను చెప్పినదాంట్లో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. అంకెలన్నీ అప్పజెప్పినట్టు చెప్పాడు. "చూడకపోయి ఉంటే ఏమయ్యేది నాయనా?" అంటే, మళ్ళీ మొదటి అంకె దగ్గరనుంచి మొదలుపెట్టాడు. చెమటకు చొక్కా తడిసిపోయింది. కాలరు చిరుగు కనిపించకుండా లోపలికి మడిచి కుట్టి ఉంది. అది చూసి జాలేసింది. జాలి ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆ రోజు శనివారం, స్టాఫు బస్సుకు పావుగంటే ఉంది. అర్థం కాలేదంటే సోమవారం నేను బావుల వెంట తిరగాలి. సంతకం పెట్టేశాను. నా సంతకం చూసి సార్ పెట్టారు. ఇంటికొచ్చి డైరీ తెరిచి అతని పేరు రాశాను. కింద పది పంక్తుల చోటు వదిలాను, అది అలాగే ఉండిపోయింది.

వేసవి తరవాత అప్పలనాయుడు వేరే రాష్ట్రంలో ఒక పరిశోధన సంస్థ ఇంటర్వ్యూకు వెళ్ళివచ్చాడు. నేను పక్కబల్ల దగ్గర టైపు చేస్తున్నాను. సార్ ముందు నిలబడి నవ్వుతున్నట్టే మాట్లాడాడు.

"పెద్ద ప్రశ్నలేటి అడగలేదు సార్. ఇదంతా దేనికి సేసేవు అన్నారు. అంతే. నాకు మాట రాలేదు."

"మళ్ళీ ఎళ్ళు. ఇంకో సోట దరకాస్తు పెట్టు."

"ఎళ్తాను సార్" అన్నాడు. వెళ్ళలేదు.

అతను మెట్లు దిగేదాకా సార్ కిటికీ వైపే చూస్తూ ఉన్నారు. నా వైపు చూడలేదు. తరవాత మెల్లగా, "పార్వతమ్మగారూ, ఆయేళ డైరీలో ఏటి రాసుకున్నారు?" అని అడిగారు. సంచిలోంచి పాత డైరీ తీసి ఆ పేజీ చూపించాను. ఖాళీ జాగాను ఆయన చదువుతున్నట్టుగా చాలాసేపు చూశారు. మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చారు.

"మీరొక్కరే కాదండీ. మీరు పెట్టేరు కదాని నాను పెట్టేసేను. నాకూ బస్సుంది ఆయేళ."

ఆ తరవాత ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు తేలిక అయ్యేది. అప్పలనాయుడు ఇప్పుడు ద్వారకా నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్సు షాపు నడుపుతున్నాడు. ఇతరుల పరిశోధన వ్యాసాలకు స్పైరల్ బైండింగ్ వేస్తాడు. నన్ను చూస్తే లేచి స్టూలు వేస్తాడు, టీ తెప్పిస్తాడు. నేను చేసింది అతనికి తెలియదు. చెబుదామని మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ టీ తాగి వచ్చేశాను.

రిటైరయ్యాక కూడా సార్ వారానికి మూడు రోజులు వచ్చి ఆనర్స్ పిల్లలకు చెప్పేవారు. అంతకుముందే రిటైరైన నన్ను పరీక్షల రోజుల్లో పిలిపించేవారు. కిందటేడు జూన్‌లో అలాంటి ఒక రోజున జాలరిపేట నుంచి నూకరత్నం తల్లి పోలమ్మ వచ్చింది. చేపల తట్ట గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ కూతురి వెనకే మేడెక్కింది.

"మూడేళ్ళకే డిగ్రీ ఇచ్చేత్తారంట కదా బాబూ. ఈ నాలుగోది దేనికి? ఇంటికాడ ఇంకిద్దరున్నారు నాకు."

"మూడేళ్ళూ మేం సెప్పింది నేర్సుకుంది. ఈ ఏడు మాకూ తెలీనిది కనుక్కుంటాది."

"కనుక్కుని ఏటి సేత్తాది?"

"నీకు సెప్తాది."

పోలమ్మ ఫక్కుమని నవ్వింది. "నాకా? నాకేటి అర్థమవుద్ది బాబూ, అచ్చరమ్ముక్క రానిదాన్ని."

"నీకు అర్థమయ్యేలా సెప్తేనే నాను సంతకం పెట్టేది. లేపోతే లేదు. ఉంచుతావా ఒక్కేడు?"

ఆవిడ కాసేపు కూతురి వైపు, కాసేపు సార్ వైపు చూసింది. "మాటేనా?" అంది. "మాటే" అన్నారు సార్. నూకరత్నం నాలుగో ఏడాది ఉండిపోయింది.

జనవరిలో పాతపట్నంలో ఆయన్ని ఇంట్లోనే చూశాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని, నూకరత్నం వ్యాసం చిత్తుప్రతి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. కింద దుకాణంలో కాగితాలు కోస్తున్న చప్పుడు పైకి వినిపిస్తోంది.

"పిల్ల పని బాగా సేసింది. కానీ బెదురు. భయమేత్తే ఇంగ్లీషులోకి పారిపోతాది. మీరు గబుక్కున సంతకం పెట్టకండేం."

"మీరుంటారు కదా సార్."

"ఉంటే నాను ఆపుతాను. లేపోతే మీరే ఆపాల."

అవే నాతో ఆయన ఆఖరి మాటలు.

ఇక గురువారం సంగతి. నూకరత్నం గొరక చేప గురించి పని చేసింది. లేచి నిలబడి, సార్ కూర్చునే ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసింది. అంతే. సార్ చెప్పినట్టే ఇంగ్లీషులోకి పారిపోయింది. నేను ఆపి మూడు ప్రశ్నలూ అడిగాను. ప్రతిదానికీ వ్యాసంలోని ఇంగ్లీషు వాక్యమే తిరిగి వచ్చింది. పరీక్షకుడు తల ఊపుతున్నారు. ఆయనకు అర్థమవుతోంది. చేపలో ఏదో రాయి ఉందన్నంత వరకే నాకు అందింది.

"నాకు అర్థం కాలేదమ్మా" అన్నాను.

"ఈవిడ ఏ సబ్జెక్టండీ?" అని పరీక్షకుడు శైలజను అడిగారు.

"ఏ సబ్జెక్టూ కాదండీ" అంది శైలజ. ఆ పద్ధతి ఆమెకు తెలుసు. తనూ సార్ దగ్గర ఆనర్స్ చేసినదే. ఒకప్పుడు తన కోసం కప్పల తొట్ల దాకా నడిచింది నేనే. నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అంది: "పార్వతమ్మగారూ, రేపు పదకొండింటికల్లా పేర్లు పరీక్షల విభాగానికి వెళ్ళిపోవాలి. లేకపోతే పరిశోధన ఆనర్స్ కింద దీని పేరు ఉండదు. పదిరోజుల్లో కొచ్చిలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఉంది. సార్ లేని ఏడాది. ఈ ఒక్కసారికీ పెట్టేద్దురూ."

నూకరత్నం గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. నా చేతిలో కలం ఉంది. మూత తీసే ఉంది. ఆ పిల్ల సంవత్సరం చదువు, తల్లికి సార్ ఇచ్చిన మాట, కొచ్చి, అన్నీ ఆ గీత మీదే ఉన్నాయి. పెట్టకపోతే కఠినురాలిని. పెడితే మంచిదాన్ని. ఆ మంచితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దానికి ద్వారకా నగర్‌లో ఒక షాపు ఉంది.

కలానికి మూత పెట్టాను. "రేపు పొద్దున నేనే వస్తాను. ఎక్కడుంటావు?" అన్నాను.

"ఎక్కడుంటానండీ, అమ్మ కాడే" అంది, నా మొహం చూడకుండా.

మర్నాడు శుక్రవారం. గాజువాకలో మొదటి సిటీ బస్సు ఎక్కాను, వ్యాసం ఒళ్ళో పెట్టుకుని. ద్వారకా నగర్‌లో దిగి ఆటో కోసం నడుస్తుంటే అప్పలనాయుడి షాపు షట్టరు ఇంకా దించే ఉంది. జాలరిపేటలో దిగేసరికి తెల్లవారుతోంది. పడవలు అప్పుడే ఒడ్డుకు లాగుతున్నారు. పోలమ్మ చేపలను సైజుల వారీగా వేరుచేస్తోంది. పక్కన గొంతుకూర్చుని నూకరత్నం.

"ఏటమ్మా, నిన్న మా పిల్లని ఏడిపించేరంట" అంది పోలమ్మ, తల ఎత్తకుండానే.

"నాకు అర్థం కాలేదు పోలమ్మా. అందుకే వచ్చాను."

"సేప సంగతి అర్థం కాకపోడానికేటుంది?" అని ఒక గొరకను తీసి, కత్తిపీట మీద తల చీల్చి, లోపలినుంచి తెల్లటి రాయి ఒకటి గోటితో తీసి నా అరచేతిలో పెట్టింది. చింతగింజంత ఉంది. తడిగా, చల్లగా ఉంది. "ఇదే కదే నీ సదువు? సెప్పు మరి ఆవిడికి."

నూకరత్నం ఆ రాయిని చూసింది. తల్లి ముందు ఇంగ్లీషు రాలేదు.

"ఇది దాని సెవిలో రాయండి. సేపతో పాటు ఇదీ పెరుగుతాది. పల్చగా కోసి అద్దం కింద పెడితే లోన సుట్లు ఉంటాయి. ఓ నల్ల సుట్టు, ఓ తెల్ల సుట్టు కలిపితే ఏడాది. అలా లెక్కెట్టి సూసేను."

"చూడకపోయి ఉంటే ఏమయ్యేది?"

నూకరత్నం తల్లి వేరుచేసిన కుప్పల్లో పెద్దదాని మీద చెయ్యి వేసింది. "ఇయి పెద్దయి అనుకుంటాం. అమ్మా అలాగే అనుకుంటాది, కొనేవాళ్ళూ అలాగే. సైజు సూసి మోసపోతన్నామండి. రాయి సూత్తే వీటిల్లో సానా వాటికి ఏడాదే. గుడ్డెట్టే వయసు రాలేదు. ఒక్కసారీ గుడ్డెట్టకుండానే వల్లోకి వచ్చేత్తన్నాయి. ఇలాగే ఐతే రేపు గొరకుండదు."

కత్తిపీట మీద పోలమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఇయన్నీ పిల్లలేనేటే?"

"సానామట్టుకు."

"ఏడాది నుంచీ తెల్సా నీకు?"

"తెల్సింది కొత్తగానే అమ్మా."

పోలమ్మ ఆ కుప్పలోంచి ఒక చేపను తీసి చేతిలో తిప్పి చూసింది. ఆ తరవాత ఎవరితోనో చెప్పినట్టు, "నాకు సెప్తాదన్నాడు. సెప్పింది. ఇనడానికి ఆయన్లేడు" అంది.

నేను ఇసుకలో బోర్లించిన పడవ అంచుమీద కూర్చుని డైరీ తీసి పది పంక్తులు రాశాను. రాసినది నూకరత్నానికి చదివి వినిపిస్తే ఒకచోట తప్పు దిద్దింది. అప్పుడు వ్యాసం రెండో పేజీ తెరిచాను. మూడో గీత మీద పరీక్షకుడి సంతకం నిన్ననే పడింది. సముద్రపు గాలికి పేజీ ఎగరకుండా పోలమ్మ రెండు వేళ్ళతో అదిమి పట్టింది. చేప తడి ఆ అంచున అంటింది. మొదటి గీత మీద సంతకం పెట్టాను.

సార్ ఎప్పుడూ ఆ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, నా సిరా ఆరేదాకా నోటితో ఊది, అప్పుడు కింద గీత మీద తన పేరు రాసేవారు. పదకొండింటిలోగా అక్కడ ఆయన బదులు శైలజ రాస్తుంది. నేను వంగి నా సంతకం మీద నేనే ఊదాను. ఆ రాయి ఇంకా నా ఎడమచేతి గుప్పిట్లోనే ఉంది. వెచ్చబడింది.